చెట్టెక్కి చచ్చే పురుగు

జాంబీలను తయారుచేసే వైరస్‌ను నేను నా చేతులతో నూరాను. నూరి, పల్చటి గుడ్డలో వడగట్టి, స్ప్రేయర్ డబ్బాల్లో పోయించి చేలల్లో కొట్టించాను. అందుకు ప్రభుత్వం నాకు నెలనెలా జీతం కూడా ఇచ్చింది.

పల్నాడులో వ్యవసాయాధికారిగా చేసిన రోజులవి. పత్తి, కంది, శనగ, మిరప, ఏ చేలో అడుగుపెట్టినా శనగపచ్చ పురుగే. రైతులు వారానికోసారి మందు కొట్టేవాళ్లు, అది చాలదని రెండు మూడు మందులు కలిపి కొట్టేవాళ్లు. పురుగుకి మందు అలవాటైంది, రైతుకి అప్పు అలవాటైంది. అప్పట్లో మేం ఊరూరా తిరిగి చెప్పిన మాటల్లో ఎన్.పి.వి. ఒకటి. న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్ అని పూర్తి పేరు. సీసాల్లో దొరికేది. దొరక్కపోతే చేలోనే తయారుచేసుకోవచ్చు. రోగం తగిలి చచ్చిన పురుగుల్ని ఏరుకొచ్చి, నీళ్లలో కుళ్లనిచ్చి, నూరి వడగడితే వచ్చే ద్రావణమే మందు. పురుగు ఇష్టంగా తినడానికి అందులో కాస్త బెల్లం, ఎండకి వైరస్ చచ్చిపోకుండా కాస్త రాబిన్ బ్లూ. కొట్టేది పొద్దు వాలాకే. ఆ వాసన గురించి మాత్రం రాయను. పత్రిక పక్కన పెట్టుకొని టిఫిన్ చేసేవాళ్లు ఉంటారు.

ఈ పని మీద నవ్వినవాళ్లే ఎక్కువ. "ఏందమ్మా, సచ్చిన పురుగుని నూరి సల్లితే బతికున్న పురుగు సచ్చిద్దా?" అని ఒక పెద్దాయన అందరి ముందూ అడిగాడు. "సచ్చిద్ది బాబాయ్, కాకపోతే కొట్టిన గంటకే కింద రాలిపడదు, నాలుగైదు రోజులు ఆగాలి" అన్నాను. ఆగడమే కష్టం. మందు కొట్టి ఇంటికెళ్లి పడుకొని, తెల్లారేసరికి గట్టు మీద పురుగులు రాలి కనిపించాలి రైతుకి.

ఆ నాలుగైదు రోజులు ఆగినవాళ్లకి కంది చేలో ఒక వింత కనిపించేది. మామూలుగా ఈ పురుగు కాయకి బొక్క పెట్టి, తల లోపల దూర్చి, సగం ఒళ్లు బయటపెట్టుకొని గింజలు తింటుంది. వైరస్ తగిలిన పురుగు తిండి తగ్గించి పైకి పాకడం మొదలుపెడుతుంది. కాయలు దాటి, ఆకులు దాటి, కొమ్మ చిట్టచివరికి చేరుతుంది. అక్కడ వెనక కాళ్లతో పట్టు బిగించి, తల కిందికి వదిలేసి వేలాడుతూ చస్తుంది. పొద్దున్నే చేలోకి వెళ్తే కొమ్మ కొమ్మకీ అలా వేలాడుతూ ఉండేవి, నల్లబడి, నీళ్లూరిన తోలుసంచుల్లాగా. వేలితో తాకితే చాలు, చర్మం చిట్లి మురికిరంగు రసం కారేది. ఆ రసమంతా వైరసే. ఒక్కో చుక్కలో కోట్ల కొద్దీ కణాలు. గాలి కదిలినా, మంచు కురిసినా, వాన పడినా ఆ రసం కింది ఆకుల మీద పడుతుంది. కింద తింటున్న పురుగుల కడుపులోకి పోతుంది. పురుగును తిన్న పిట్ట రెట్టలోంచి కూడా వైరస్ చెక్కుచెదరకుండా బయటికొచ్చి ఇంకో చేను చేరుతుంది.

విక్రమార్కుడి కథల్లో బేతాళుడు శవంలో దూరి, చెట్టెక్కి తలకిందులుగా వేలాడతాడు కదా, అచ్చం అదే. కథలో బేతాళుడు ఎందుకు వేలాడతాడో ఎవరూ అడగరు. ఈ పురుగు ఎందుకు వేలాడుతుందో మాత్రం శాస్త్రవేత్తలు అడిగారు. జర్మనీ అడవుల్లో చెట్ల చివర్లకెక్కి చచ్చే గొంగళిపురుగుల సంగతి 19వ శతాబ్దంలోనే తెలుసు. కారణం దొరకడానికే వందేళ్లకు పైగా పట్టింది. 2011లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో కెల్లీ హూవర్ బృందం జిప్సీ మాత్ అనే పురుగు మీద ఒక పరీక్ష చేసింది. దానికి తగిలే వైరస్‌లో ఇ.జి.టి. అనే జన్యువు ఒకటుంది. పురుగు కుబుసం విడవడానికి కావలసిన హార్మోన్‌ను అది పనిచేయనివ్వదు. ఆ జన్యువును తీసేసిన వైరస్‌ను తగిలిస్తే పురుగులు చచ్చాయి, కానీ పైకెక్కి చావలేదు. ఆ తర్వాత 2022లో చైనా శాస్త్రవేత్తలు మన శనగపచ్చ పురుగునే తీసుకొని ఇంకో గుట్టు విప్పారు. వెలుతురును గ్రహించే జన్యువులను వైరస్ ఎగదోస్తుంది. పురుగుకి వెలుగు మీద మోజు పుడుతుంది. చేలో వెలుగంటే పైనే కాబట్టి పైకి పాకుతుంది. చూపు పోగొట్టిన పురుగులు అంత ఎత్తుకి ఎక్కలేదు.

ఇదంతా చెప్పడానికి కారణం మా మేనల్లుడు. హైదరాబాదులో ఉద్యోగం, రాత్రిళ్లు సిరీస్‌లు. 'ది లాస్ట్ ఆఫ్ అస్' చూసి అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "అత్తా, బూజు మెదడులోకి ఎక్కి మనుషుల్ని ఆడించడం నిజంగా జరిగేదేనా?" అని. 2013లో వీడియో గేమ్‌గా వచ్చి, 2023లో టీవీ సిరీస్ అయిన కథ అది. కార్డిసెప్స్ జాతి బూజు చీమల్ని వదిలి మనుషులకు తగిలితే లోకం ఏమవుతుందన్నది అందులోని ఊహ. తెలుగులో 2021లో ప్రశాంత్ వర్మ తీసిన 'జాంబీ రెడ్డి'లో అయితే జాంబీలు ఏకంగా కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలోకి దిగాయి. వీటన్నిటికీ మూలపురుషుడు జార్జ్ రొమేరో. 1968లో ఆయన తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' నుంచే శవాలు గుంపులుగా నడిచి మనుషుల్ని పీక్కు తినడం మొదలైంది.

వాడికి ఆ రాత్రి నేను చెప్పిన జవాబు ఒక్కటే. ప్రకృతిలో జాంబీలు ఉన్నాయిరా, కానీ సినిమావాళ్లు వాటి పనిని తిరగేసి చూపిస్తున్నారు. సినిమా జాంబీ తిరుగుతూనే ఉండాలి, వెంటపడాలి, కరవాలి. నిజం జాంబీలకు, కొద్దిపాటి మినహాయింపులు పక్కన పెడితే, ఎవరి మీదా కోపం లేదు. పరాన్నజీవికి సైన్యం అక్కర్లేదు. సరైన చోట, సరైన వేళకు పడిపోయే ఒక్క శవం చాలు.

ఆ సిరీస్‌లో పేరు చెప్పిన బూజునే చూద్దాం. ఓఫియోకార్డిసెప్స్ యూనిలాటరాలిస్ దాని పేరు. జీవపరిణామ సిద్ధాంతంలో డార్విన్‌కు సాటివాడైన ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1859లో ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఈ బూజు పట్టిన చీమల్ని సేకరించాడు. థాయిలాండ్ అడవుల్లో దీన్ని బాగా పరిశోధించారు. అక్కడ దీని బారిన పడేది మన గండుచీమల జాతికి చెందిన చీమ. చెట్ల పైకొమ్మల్లో కాపురం, ఎప్పుడోగాని నేలకు దిగదు. దారిలో ఎక్కడో బూజు విత్తనం ఒంటికి అంటుకుంటుంది, పెంకును తొలుచుకొని లోపలికి పోతుంది. కొన్నాళ్లు చీమ మామూలుగానే తిరుగుతుంది. ఆ తర్వాత ఒకరోజు బారులోంచి తప్పిపోతుంది. తూలుతుంది, వణుకుతుంది, కొమ్మ మీంచి జారి కిందపడుతుంది. మళ్లీ గూటికెళ్లదు. నేలకు జానెడెత్తున, సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న ఆకు అడుగుభాగానికి చేరుతుంది. అక్కడ తేమ 95 శాతం దాకా ఉంటుంది, ఎండ తగలదు, బూజు మొలవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మిట్టమధ్యాహ్నం వేళ ఆకు ఈనెను కసుక్కున కొరుకుతుంది. ఆ పట్టు ఇక వదలదు. పొద్దుగూకేలోగా ప్రాణం పోతుంది. కొన్నాళ్లకు మెడ వెనక నుంచి ఒక కాడ మొలుస్తుంది. కింద చీమలు నడిచే దారి మీదికి విత్తనాలు రాలుస్తుంది.

చచ్చిన చీమను అక్కణ్ణుంచి తీసి గూటిలో పెడితే ఆ బూజు సరిగా పెరగదని పరిశోధకులు చూశారు. గూటిలో పాకీపనిచేసే చీమలు ఊరుకోవు, శవాన్ని అవతల పారేస్తాయి. అందుకే అది గూడు దాటించి చంపుతుంది. జర్మనీలోని మెస్సెల్ గనిలో దొరికిన 4 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటి ఆకు శిలాజం మీద ఇలాంటి కాటు గుర్తులే ఉన్నాయి. అంటే మనిషి అనేవాడు పుట్టకముందు నుంచీ సాగుతున్న తంతు ఇది.

2017లో బయటపడిన సంగతి నాకు వీటన్నిటికన్నా వింతగా తోస్తుంది. చీమ లోపల బూజు కణాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పొర పొరగా తీసి చూశారు. కాళ్లలో, దవడల్లో కండరాల పోగుల చుట్టూ బూజు కణాలు ఒకదానికొకటి అతుక్కొని వలలాగా అల్లుకొని ఉన్నాయి. మెదడులో మాత్రం ఒక్కటీ లేదు! మెదడును అది తినలేదు, లోపలికి జొరబడలేదు. రసాయనాలతో దూరం నుంచే దాన్ని లోబరుచుకుంటోందని పరిశోధకుల అనుమానం. సినిమాల్లో జాంబీ తలకాయ పగలగొడితే కథ ముగుస్తుంది. ఈ చీమ విషయంలో ఆ చిట్కా అంతగా పనికొచ్చేలా లేదు.

మరి ఈ బూజు మనిషికి ఎక్కదా? దీని దగ్గరి చుట్టాన్ని మనవాళ్లు తింటున్నారు, అదే జవాబు. ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ కొండల మీద మంచు కరిగే మే, జూన్ నెలల్లో ఊళ్లకు ఊళ్లే మోకాళ్ల మీద పాకుతూ వెతికే 'కీడా జడీ' ఈ జాతిదే. నేలలో బతికే ఒక గొంగళిపురుగుకి పట్టే బూజు. చచ్చేముందు పురుగు నేల పైపొరకు వచ్చి, తల పైకి పెట్టి చస్తుంది. తలలోంచి మొలిచిన కాడ గడ్డిలోంచి వేలెడంత పైకి కనిపిస్తుంది. కిలో లక్షల రూపాయలు పలుకుతుంది. చైనాలో తరతరాలుగా మందుగా తింటున్నారు. దానికి వరసైన కార్డిసెప్స్ మిలిటారిస్‌ను మన దేశంలోనే సీసాల్లో పెంచి బలానికని అమ్ముతున్నారు. తిన్నవాళ్ల జేబు తేలికవుతోంది తప్ప ఎవరూ ఆకు ఈనెను కొరుకుతూ వేలాడలేదు.

మన ఒంటి వేడే మనకు పెద్ద కోట. చాలా బూజులు 37 డిగ్రీల దగ్గర బతకలేవు. 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 6 శాతం బూజు రకాలు తట్టుకోలేక ఆగిపోతాయని 2009లో ఆర్టురో కాసడేవాల్ అనే శాస్త్రవేత్త సహచరుడితో కలిసి లెక్కగట్టాడు. లోకం వేడెక్కేకొద్దీ బూజులు కూడా వేడికి అలవాటు పడొచ్చని ఆయన హెచ్చరిక, సిరీస్ మొదట్లో చెప్పేదీ అదే. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. 2021 వేసవిలో కోవిడ్ తగ్గినవాళ్లకు బ్లాక్ ఫంగస్ పట్టి, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజులు తెలుగువాళ్లు మరచిపోలేదు. కళ్లు పోయాయి, దవడలు తీసేయాల్సి వచ్చింది, ప్రాణాలు పోయాయి. బూజు మనిషిని చంపగలదు. మనిషిని నడిపించడం వేరే విద్య. దానికి ఒకే జీవితో కోట్ల ఏళ్ల సావాసం కావాలి.

ఆ సావాసం ఎంత గట్టిదో చేలో తెలుస్తుంది. శనగపచ్చ పురుగుకి ఒక ఎన్.పి.వి. సీసా, లద్దె పురుగుకి ఇంకో సీసా పట్టుకెళ్లేవాళ్లం. ఒకదాన్ని చంపే వైరస్ రెండోదాన్ని చంపదు. రెండూ రెక్కల పురుగుల పిల్లలే, రెండూ పత్తి మీదే, ఒక్కోసారి ఒకే మొక్క మీద ఉంటాయి. అయినా తాళం వేరు, చెవి వేరు. పెంచడం కూడా వేరే. లద్దె పురుగులకి ఆముదం ఆకులేస్తే తొట్టిలో గుంపుగా తింటాయి. శనగపచ్చ పురుగుల్ని కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకని ఒక్కోదాన్ని ఒక్కో బుడ్డిలో, నానిన శనగలేసి పెంచాలి. అవి చచ్చాక వాటిని నేను చేతులతో నూరడానికి ధైర్యం ఎక్కడిదంటే అక్కడిదే. పక్క పురుగుకే తగలని వైరస్ నాకేం తగులుతుంది?

చీమ మెదడును తాకని బూజును చూశాం. నేరుగా మెదడులోకే సూది గుచ్చే ఘనురాలు ఒకతి ఉంది. మన పెరళ్లలోనూ తిరుగుతుంది. పచ్చరాయిలా మెరిసే ఒళ్లు, వెనక కాళ్ల తొడలు ఎర్రగా. ఆంపులెక్స్ కంప్రెస్సా అనే కందిరీగ. మా పెరట్లో నీళ్ల తొట్టి పక్కన ఒకసారి దీని పనితనాన్ని మొదటి నుంచి చివరిదాకా చూశాను. వంటింట్లో తిరిగే ఎర్ర బొద్దింక మెడపట్టె అంచును కరిచి పట్టుకుంది. మొదటి పోటు రొమ్ములోకి. ముందు కాళ్లు కాసేపు చచ్చుబడతాయి, బొద్దింక పెనుగులాడలేదు. అప్పుడు తీరిగ్గా గొంతు దగ్గర మెత్తటి చోట రెండో పోటు, నేరుగా తలలోని నాడీ ముడుల్లోకి. సూది మొనకే స్పర్శ ఉంటుంది. మెదడు తీసేసిన బొద్దింకనిచ్చి చూస్తే, ఈ కందిరీగ నిమిషాల తరబడి లోపల సూదితో వెతుకుతూనే ఉంటుందని ఇజ్రాయెల్‌లో బెన్‌గురియన్ యూనివర్సిటీకి చెందిన ఫ్రెడరిక్ లిబర్సాట్ బృందం చూపించింది.

కుట్టి వదిలేశాక బొద్దింక పారిపోవాలి కదా? పోదు. అక్కడే నిలబడి మీసాలు, కాళ్లు శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టింది. పెళ్లికి ముస్తాబవుతున్నట్టు అరగంట దాకా అదే పని. కందిరీగ ఈలోగా వెళ్లి బొరియ చూసుకొని వచ్చింది. బొద్దింక మీసాలు రెండూ సగానికి కొరికి, కారిన రసాన్ని తాగింది. ఒక మీసం మొదలు పట్టుకొని వెనక్కి నడిచింది. బొద్దింక తన కాళ్లతో తానే, ఎవరూ ఈడ్వకుండా, వెంట నడిచింది! నడవలేక కాదు, నడవాలన్న కోరిక పుట్టక అది అలా నిలబడిపోతుంది. లాగితే నడుస్తుంది, నీళ్లలో పడేస్తే ఈదుతుంది. తనంతట తాను మొదటి అడుగు వేయడం ఒక్కటే పోయింది. ఆక్టోపమైన్ అనే రసాయనం చేసే పనిని చేసే మందు ఎక్కిస్తే నడక కొంత తిరిగొస్తుందని కూడా లిబర్సాట్ బృందం చూసింది. నేను మాత్రం చూస్తూ కూర్చున్నాను. బొద్దింక కదా, జాలి పుట్టలేదు. కందిరీగ దాన్ని బొరియలోకి తీసుకెళ్లి, కాలి మొదట ఒక గుడ్డు పెట్టి, పుల్లలూ రాళ్లూ పేర్చి మూసేసింది. లోపల పిల్ల బయటికొచ్చి, బొద్దింకను ప్రాణం పోకుండా మెల్లమెల్లగా తిని, దాని డొల్లలోనే గూడు కట్టుకుంటుంది. కొన్ని వారాలకు ఆ మూతను తోసుకొని కొత్త కందిరీగ ఎగిరిపోతుంది.

ఇక్కడ ఆగి మన పెద్దల్ని ఒక్కసారి తలుచుకోవాలి. భ్రమరకీట న్యాయం వినని తెలుగువాడుండడు. తుమ్మెద ఒక పురుగును తెచ్చి గోడలో గూట్లో బంధిస్తుంది, పురుగు భయంతో తుమ్మెదనే తలుచుకుంటూ తలుచుకుంటూ తానే తుమ్మెదైపోతుంది. భాగవతం 11వ స్కంధంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో ఈ పురుగుని మూసే కీటకమూ ఒకటి. చదువుకునే రోజుల్లో మా క్లాసులో అందరం దీన్ని విని నవ్వేవాళ్లం. నాకిప్పుడు నవ్వు రాదు. ఎవరో ఒకాయన గోడ దగ్గర కూర్చొని మట్టిగూడు కట్టే కందిరీగను రోజుల తరబడి చూశాడు. పురుగును తేవడం చూశాడు, మూయడం చూశాడు, ఆ మూత పగిలి కందిరీగ బయటికి రావడం చూశాడు. చూసినదంతా నిజమే. మూసిన గూట్లో ఏం జరిగిందో మాత్రం ఆయనకి కనిపించలేదు, ఆ ఖాళీని ధ్యానంతో నింపాడు. అసలు జరిగింది భోజనం.

చెప్పుకుంటూ పోతే ఈ జాబితాకి అంతులేదు. ఫ్రాన్సులో ఆవెన్ అనే ఊరి ఈతకొలను పక్కన రాత్రిపూట కీచురాళ్లు వచ్చి నీళ్లలోకి దూకుతుంటే ఫ్రెడరిక్ తోమా అనే శాస్త్రవేత్త కాపుకాసి చూశాడు. దూకిన కీచురాయిలోంచి దానికన్నా ఎంతో పొడవైన, గుర్రపు వెంట్రుకలాంటి పురుగు మెలికలు తిరుగుతూ బయటికి ఈదుకొచ్చేది. నీళ్లలో జతకట్టాల్సిన ఆ పురుగే కీచురాయిని నీళ్ల దాకా నడిపించింది. జపాన్‌లో ఒక కొండవాగులో చేపలకి ఏడాదిలో అందే శక్తిలో 60 శాతం దాకా ఇలా దూకిన కీచురాళ్ల నుంచే వస్తోందని లెక్క తేలింది. ఒక పురుగు పెత్తనం మీద ఒక వాగు బతుకుతోందన్నమాట. సాక్యులినా అనే పరాన్నజీవి పట్టిన మగ పీత పొట్ట ఆడ పీత పొట్టలా వెడల్పవుతుంది. ఆ పరాన్నజీవి గుడ్లనే తన గుడ్లనుకొని సాకుతుంది. వీటిలో సినిమా జాంబీకి కాస్త దగ్గరగా వచ్చేది అమెరికాలో చిమటలకు పట్టే మాసోస్పోరా బూజు ఒక్కటే. చిమట ఒంటి వెనక సగం ఊడిపోయి, అక్కడ సుద్దముక్కలాంటి బూజు ముద్ద మిగులుతుంది. అయినా చిమట ఎగురుతూనే, జతకోసం వెంపర్లాడుతూనే ఉంటుంది. మగది ఆడదానిలా రెక్కలు కొట్టి ఇంకో మగదాన్ని పిలిచి మరీ అంటిస్తుంది. ఆ బూజులో మత్తుపదార్థాలు ఉన్నాయని 2019లో తేలింది.

మనిషి దగ్గరికొద్దాం. గర్భిణులకు డాక్టర్లు రాసే టార్చ్ టెస్టులో 'టి' అన్న అక్షరం టాక్సోప్లాస్మాది. పిల్లి పేగుల్లో మాత్రమే జతకట్టగల ఏకకణ జీవి. ఎలుకకి పడితే ఎలుకకి పిల్లి మూత్రం వాసనంటే భయం పోతుందని 2000లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. భయం పోయిన ఎలుక పిల్లి నోట్లో పడుతుంది, టాక్సోప్లాస్మా ఇల్లు చేరుతుంది. సరిగా ఉడకని మాంసం ద్వారా, పిల్లి మలం కలిసిన మట్టి ద్వారా మనకీ తగులుతుంది. ప్రపంచ జనాభాలో దాదాపు మూడోవంతు మంది ఒంట్లో ఇది ఉంటుందని అంచనా. కడుపులో బిడ్డకి ప్రమాదం నిజం. అది మన స్వభావాన్ని కూడా మారుస్తుందని ప్రేగ్‌కు చెందిన యారోస్లావ్ ఫ్లెగర్ ఏళ్ల తరబడి వాదించాడు, పత్రికలకి పండగైంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972, 73 సంవత్సరాల్లో పుట్టినవాళ్లను చిన్నప్పటి నుంచీ గమనిస్తున్న బృందం 2016లో తమవాళ్ల లెక్కలు తీసి చూస్తే అలాంటి మార్పుకి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. బొద్దింక మెదడులో సుమారు పది లక్షల నాడీకణాలు. మనకి 8,600 కోట్లు. అక్కడ ఒక సూదిపోటుతో అయ్యే పని ఇక్కడ కాదు.

శవం లేచి నడవడం గురించి వేరే చెప్పక్కర్లేదు. కండరం కదలాలంటే రక్తం పారాలి, గాలి ఆడాలి. మే నెలలో రెంటచింతల ఎండలో ఒక్క పూట చాలు, రొమేరో సైన్యమంతా ఈగల పాలు.

అయితే కరిచి అంటించేది, మెదడుకెక్కేది, కరవాలన్న కోపం పుట్టించేది ఒకటి నిజంగానే ఉంది. దాన్ని మనం జాంబీ అనం, పిచ్చికుక్క అంటాం. రేబిస్ వైరస్ గాయంలోంచి కండరంలోకి, అక్కణ్ణుంచి నరంలోకి ఎక్కుతుంది. నరం వెంట మెల్లగా పాకుతూ వెన్నుపాము, మెదడు చేరుతుంది. అక్కణ్ణుంచి లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. మింగబోతే గొంతు బిగుసుకుపోతుంది, అందుకే నీళ్లంటే భయం. మింగని ఉమ్మి నోటినిండా, ఆ ఉమ్మి నిండా వైరస్, పైన కరవాలన్న కసి. మూడూ ఒకేసారి కుదరడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. వైరస్ పైపొరలోని ప్రొటీన్ ముక్క ఒకటి నాడీకణాల మీద నికొటిన్ అంటుకునే చోట్ల అతుక్కుంటుందని, దాన్ని ఎలుకల మెదడులో ఎక్కిస్తే అవి అదుపులేకుండా తిరిగాయని 2017లో అలాస్కా పరిశోధకులు చూశారు. సినిమావాళ్లు '28 డేస్ లేటర్' లాంటివాటిలో రాసుకున్న వైరస్‌కి పోలిక దీనితోనే. తేడా ఏమిటంటే కుక్కలో తిరిగే ఈ బండి మనిషి దగ్గర ఆగిపోతుంది. రేబిస్ వచ్చిన మనిషి కరిచి ఇంకొకరికి అంటించడం దాదాపు కనీవినీ ఎరుగం. లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 5,700 మంది దీనికి బలవుతున్నారు.

సినిమాకీ రేబిస్‌కీ ఇంకో తేడా ఉంది, మనల్ని కాపాడేది అదే. సినిమాలో కరిచిన నిమిషాల్లో మనిషి మారిపోతాడు. రేబిస్ వైరస్‌కి నరం వెంట మెదడు చేరడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధిలోనే టీకా పని పూర్తిచేస్తుంది. 1885 జులైలో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఈ వ్యవధిని వాడుకునే బతికించాడు. మన దేశంలో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన గొర్రె మెదడు టీకా 20వ శతాబ్దమంతా నడిచింది. బొడ్డు చుట్టూ 14 సూదులు అన్న భయం ఆ టీకా మిగిల్చిందే. ఆ టీకాను మన దేశంలో 2005 నాటికే పూర్తిగా మానేశారు. ఇప్పుడు హైదరాబాదు కంపెనీ తయారుచేసే అభయ్‌రాబ్ లాంటి టీకాలు చేతికే వేస్తారు. సర్కారు ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి.

భయం మాత్రం ఊళ్లలో ఇంకా పోలేదు. సూదులకి భయపడో, నాన్న తిడతాడనో కుక్కపిల్ల గీరిన సంగతి పిల్లలు దాచేస్తారు. ప్రతి జాంబీ సినిమాలోనూ కాటును చొక్కా చెయ్యి కింద దాచుకునేవాడు ఒకడుంటాడు, వాడొక్కడు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం మనిషి. పెద్దవాళ్లు దాచరుగాని కాటు మీద కారం అద్దుతారు, సున్నం రాస్తారు, ఆకుపసరు పిండుతారు. చేయాల్సింది సబ్బు రుద్ది, పారే నీళ్ల కింద పావుగంట కడగడం. ఆ వైరస్ పైపొర కొవ్వుది, సబ్బుకే విరిగిపోతుంది. ఆ మాట మేనల్లుడికీ చెప్పాను. ఇన్ని జాంబీ సినిమాలు చూశావు కదా, కరిచిన చోటును సబ్బుతో కడుక్కున్నవాడు ఒక్కడైనా కనిపించాడా అని అడిగాను. ఇంకా వెతుకుతున్నాడు.